గ్రింగా కార్జం

మా కొండ ఊరు కోల్కెపాతాలో ఆవుల గురించి ఏ మాట పుట్టినా అది చివరికి నికాసియో గడపలోనే తేలేది. ఏ పెయ్యను ఉంచుకోవాలి, ఏ కోడెను అమ్మేయాలి, పొదుగు ఎందుకు రాయిలా గట్టిపడింది, అన్నింటికీ ఆయన మాటే మాట. జిల్లా సంతలో పాల పోటీ జరిగిన ప్రతిసారీ ఆయన గోధుమరంగు ఆవు మెడలో రిబ్బను వేయించుకునే ఇంటికి వచ్చేది. ఆ రిబ్బన్లను ఊరందరి చీజు గదిలో, గోడ పొడుగునా మేకులు కొట్టి వేలాడదీశాడు. అలాంటిది ఒక ఏడు, ఏటి అవతలి ఊరివాడొకడు కింది మైదానం నుంచి తెచ్చిన నలుపు తెలుపు ఆవుతో వచ్చి రిబ్బను ఎగరేసుకుపోయాడు. సంత నుంచి తిరిగి వస్తూ నికాసియో లారీలో వెనక మూలన కూర్చున్నాడు. భార్య ఎవుఫ్రాసియా ఉడకబెట్టిన బంగాళాదుంప చేతిలో పెడితే అది ఊరొచ్చేదాకా అలాగే చల్లారిపోయింది.

మరుసటి జూన్‌లో, మా దగ్గర చలి ముదిరే నెలలో, ఆయన మాహెస్ మైదానానికి దిగాడు. అక్కడ ఎలియాస్ అనే పాడి రైతు దగ్గర, ఈమధ్యే ఈనిన ఆవొకటి కంటికి నచ్చింది. నలుపు తెలుపు మచ్చలు, నేల రాసుకునేంత పొదుగు, పొడవాటి కాళ్ళు. బేరం కుదిరాక ఎలియాస్ అడిగాడు.

"ఎక్కడికి తోలుకెళ్తారు దోన్ నికాసియో?"

"మా ఊరికే. ఇంకెక్కడికి?"

"ఇప్పుడా? ఈ చలిలోనా?" ఎలియాస్ టోపీ వెనక్కి తోసుకున్నాడు. "నాకూ అమ్ముకోవాలనే ఉంది, అయినా చెప్పకపోతే తప్పు. ఇది పుట్టాక కొండ మొహం చూళ్ళేదు. పోయినేడు దీని అక్కని పైవాళ్ళు కొనుక్కుపోతే రొమ్ము కింద నీరు దిగి, ఎగరొప్పుతూ వెనక్కొచ్చింది. అన్నీ ఒకలా ఉండవనుకోండి. కానీ ఈ రక్తానికి ఎత్తు పడదేమోనని నా అనుమానం. సగం దారిలో ఏ లోయలోనైనా కొన్నాళ్ళు కట్టేయండి. వానలు పడి పచ్చిక లేచాక మెల్లిగా ఎక్కించండి. ఆయాసం కనబడిందా, ఇంకేం ఆలోచించకండి, కిందికి దించేయండి."

"వానలదాకా ఆగితే పాలు దిగిపోతాయి. సంత ఆగస్టులో."

"సంత మళ్ళీ ఏడు కూడా వస్తుంది కదండీ."

నికాసియో నవ్వాడు. "మేమంతా ఆ గాలి పీల్చే పెరిగాం. మా గుండెలేమైనా పగిలాయా?"

"మీరు అక్కడే పుట్టారు," అన్నాడు ఎలియాస్. ఆ మాట నికాసియో విన్నాడు. విని లారీవాడిని పిలిచాడు.

కనుమ దాటేటప్పుడు మంచు గాలి టార్పాలిన్‌ను చింపినంత పని చేసింది. ఊరికి వచ్చేసరికి ఆవు ముక్కు చుట్టూ నురగ గడ్డకట్టి ఉంది. అయినా ఊరు ఊరంతా చూడటానికి కదిలింది. మా నాటు చుస్కో ఆవులు దాని పక్కన మేకల్లా కనబడ్డాయి. ఎవరో "వచ్చిందిరా దొరసాని, గ్రింగా!" అన్నారు. అదే పేరైపోయింది. అందరూ పొదుగు చూస్తుంటే సాతుర్నీనా ఒక్కతే దాని చెవులు పట్టుకు చూసింది.

"చెవులు మంచుముద్దల్లా ఉన్నాయి కొంపాద్రే. ఏదైనా కప్పు ముందు."

సాతుర్నీనా నికాసియోకి పొరుగు. భర్త పోయి చాలా కాలమైంది. నికాసియో కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు బిడ్డను ఎత్తుకున్న ధర్మతల్లి ఆమే. ఆ రోజు నుంచి ఆయన ఆమెను కొమాద్రే అంటాడు, ఆమె ఆయన్ను కొంపాద్రే అంటుంది. మా దగ్గర ఆ పిలుపు తోబుట్టువు కన్నా గట్టిది. ఆమెకు ఉన్న పెద్ద ఆస్తి ఒక ఊటబీడు. మే నెల దాటిందంటే మా కొండల మీద గడ్డి ఎండి ముళ్ళలా నిలబడుతుంది. పొద్దున్నే గిన్నెలో నీళ్ళు రాయైపోతాయి. అలాంటి రోజుల్లో కూడా ఆ బీడు అడుగున ఊట నడుస్తూనే ఉంటుంది, పైన పచ్చిక పచ్చగానే ఉంటుంది. మా ఆవులను ఆమె అందులో మేయనిచ్చేది. బదులుగా మేం ఆమె దుంప చేను దున్నిపెట్టేవాళ్ళం. మనిషి సాయం లేని ఇల్లు ఆమెది, ఆ బదులు పనితోనే గడిచేది.

గ్రింగాను కూడా అక్కడే వదిలారు. మొదట్లో పాలు నిజంగానే పొంగాయి. నికాసియో చీజు గది ముందు, అందరూ చూసేలా బిందె నింపి, నురగ తీసి మరీ చూపించేవాడు. "చూసుకోండి, మీ చుస్కోలు మూడు కలిసినా ఇంత ఇస్తాయా?" అనేవాడు. తర్వాత ఆవు దగ్గడం మొదలుపెట్టింది. పేడ పలచబడింది. మంద నడుస్తుంటే అది ఆగిపోయి, ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి నిలబడేది. మెడ మీద నరం తాడులా లేచి కొట్టుకునేది. ఒక పొద్దున గంగడోలు మొదట్లో, ముందుకాళ్ళ మధ్య వాపు కనబడింది. వేలితో నొక్కితే గుంట పడింది, పడిన గుంట పడినట్టే ఉంది. నాలుగు పూటలు గడిచేసరికి ఆ నీరు దవడ కిందికి పాకింది.

నికాసియోకి ఎలియాస్ మాట ఒక్కటి కూడా మరుపు రాలేదు. దించేయాలంటే లారీ పిలవాలి. లారీ వస్తే ఊరు చూస్తుంది, ఎందుకని అడుగుతుంది. ఎవుఫ్రాసియా పశువుల డాక్టరును పిలుద్దామంది.

"ఆయనొచ్చి ముందు అడిగేదేంటో తెలుసా? ఎక్కడ కొన్నావు, ఎప్పుడెక్కించావు అని."

"అడిగితే చెప్పు. దానికేం?"

"నువ్వూరుకో," అన్నాడు నికాసియో. సంతకి ఇంకెంతో దూరం లేదు, ఈలోపు తగ్గకపోతుందా అన్నది ఆయన ఆశ.

ఆ మర్నాడే పాలు పోసే వేళకి చీజు గది ముందు అందరూ ఉన్నారు. సాతుర్నీనా తన చిన్న క్యాను దించి, ఆయన వైపు తిరిగి మామూలుగా అడిగింది.

"దవడ కింద నీరు దిగిందంటగా కొంపాద్రే? ఏమైంది పాపం?"

అందరి తలలూ తిరిగాయి. నికాసియో చెప్పిన జవాబు ముందుగా అనుకున్నది కాదు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అది తన నోట్లోకి ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు.

"ఏమవుతుంది? నీ ఊటబీడులో మేసింది. జలగ పట్టింది."

కార్జంలో జలగ పడితే దవడ కింద నీరు దిగుతుందని మా పిల్లలకి కూడా తెలుసు. తడి నేలలో నత్తలుంటాయనీ, వాటివల్లే జలగ వస్తుందనీ తెలుసు. అందుకే ఆ అబద్ధం చక్కగా అతికింది.

"నా బీడులోనా?" సాతుర్నీనా నవ్వబోయి ఆగింది. "నా ఆవులు పుట్టిందగ్గర్నుంచీ ఆ నీళ్ళే తాగుతున్నాయి. ఏడాదికి రెండుసార్లు మందు పోస్తాను. నీ గ్రింగా అందులో కాలు పెట్టి ఎన్నాళ్ళైంది? జలగ లోపల పెరిగి నీరు దిగడానికి నెలలు పడుతుంది. అది నువ్వే కదయ్యా మాకందరికీ చెప్పింది?"

"కింది ఆవుకి మన ఆవంత ఓర్పుంటుందా?" అన్నాడు నికాసియో గొంతు పెంచి. "నేను అబద్ధమాడుతున్నానా?"

ఎవరో తమ క్యానును ఆమె క్యాను పక్కనుంచి జరిపారు. రిబ్బన్లన్నీ ఆయనవి. సాతుర్నీనా క్యాను మూత బిగించుకుంది. "సరే, దోన్ నికాసియో," అంది. అందరిలా దోన్ అంది, కొంపాద్రే అనలేదు.

ఆ వారమే మూడిళ్ళవాళ్ళు తమ ఆవులను ఊటబీడు నుంచి మళ్ళించేశారు. చీజు గదిలో ఆమె పాలను విడిగా పెట్టమన్నారు. ఆమె పోట్లాడలేదు. క్యాను ఎత్తుకుని ఇంటికెళ్ళి, తన పాలతో తనే చీజు చేసుకుంది.

గ్రింగా ఒక మధ్యాహ్నం నీళ్ళ తొట్టి దగ్గర మోకాళ్ళ మీద పడి లేవలేకపోయింది. కళ్ళు తేలేస్తోంది. ఇక బాధపెట్టకూడదని నికాసియో కత్తి పట్టాడు. భార్యాభర్తలిద్దరే దాన్ని కోశారు. పొట్ట తెరవగానే నీళ్ళు వాళ్ళ కాళ్ళ మీదుగా పారాయి. కార్జం ఉబ్బి, కోసిన జాజికాయలా మచ్చలు మచ్చలుగా ఉంది. ఆయన దాన్ని రాతి మీద పెట్టి అడ్డంగా కోశాడు, నిలువుగా కోశాడు, గొట్టాలన్నీ చీల్చాడు. జలగ ఒక్కటి లేదు. తర్వాత ఎవుఫ్రాసియా గుండె తీసి రెండు చేతుల్లో పట్టుకుంది. దాని కుడివైపు తడి సంచిలా సాగిపోయి వేలాడుతోంది.

"ఎత్తు పడక పోయిందయ్యా ఇది," అంది ఆమె. "గాలి చాలక గుండె కొట్టుకుని కొట్టుకుని పోయింది. దీనికి జలగెక్కడిది?"

నికాసియో కత్తి తుడుచుకుంటున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

ఆయన తుడిచిన కత్తినే మళ్ళీ తుడిచాడు. అదే జవాబైంది.

"వెళ్ళి మన కొమాద్రేతో చెప్పు. ఇప్పుడే చెప్పు. కార్జం చేత్తో పట్టుకెళ్ళి చూపించు."

"చెప్తాలే. కాస్త సద్దుమణగనీ."

ఆయన కార్జాన్నీ గుండెనీ పట్టుకుపోయి పాత గొర్రెల దొడ్డి వెనక పూడ్చాడు. కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చాడు. ఆ రాళ్ళు పేరుస్తున్నప్పుడే తనకి మొదటిసారి సిగ్గేసిందని తర్వాత చెప్పాడు. అబద్ధమాడినప్పుడు వేయని సిగ్గు, దొంగలా రాళ్ళు ఏరుకుంటున్నప్పుడు వేసిందట. అయినా ఆపలేదు.

సద్దుమణగలేదు. ఆవు చచ్చిందన్న వార్తతో భయం ముదిరింది. ఊరి పెద్ద సెవెరో సభ పిలిచి, ఊటబీడు నుంచి ఏటికి కాలువ తవ్వి నీళ్ళు తీసేద్దామన్నాడు. నీళ్ళు పోతే నత్తలు పోతాయి, నత్తలు పోతే జలగ పోతుంది.

సాతుర్నీనా లేచి నిలబడింది. "నీళ్ళు పోతే పచ్చిక కూడా పోతుంది సెవెరో. వచ్చే చలికి మీ ఆవులకేం పెడతారు, మీ టోపీలా?"

ఒకరిద్దరు నవ్వారు. సెవెరో నికాసియో వైపు తిరిగాడు. "మీరే చెప్పండి దోన్ నికాసియో. మీ చేత్తోనే కోశారుగా. కార్జం చూశారా?"

సభంతా ఆయన్నే చూస్తోంది. సాతుర్నీనా కూడా చూస్తోంది. ఆవిడ కళ్ళలో కోపం లేదు. ఇప్పుడైనా చెప్తాడేమో అన్నట్టు ఎదురుచూస్తోంది.

"చూశాను," అన్నాడు నికాసియో.

అంతకన్నా ఒక్క ముక్క అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. మేమంతా కాలువకే చేతులెత్తాం.

కాలువ తవ్వే రోజు ఇంటికొకరు కాలితో తొక్కి తవ్వే కాలిపారలూ గునపాలూ పట్టుకుని వెళ్ళారు. మామూలుగా మట్టి మీద ఇనుము పెట్టే ముందు భూమాతకి కాస్త సారాయి చిలకరించి, కోకా ఆకులు పెట్టి అనుమతి అడుగుతాం. ఆ రోజు సీసా చేతులు మారింది గానీ ఎవరూ ముందుకు రాలేదు. ఎవరి నేల అని చెప్పి అడగాలి? సాతుర్నీనా గట్టు మీద కూర్చుని ఉన్ని వడుకుతోంది. చివరికి సెవెరో గబగబా నాలుగు చుక్కలు చల్లి పని మొదలెట్టించాడు.

నికాసియో అందరికన్నా కింద, ఏటి వైపు తవ్వుతున్నాడు. ఊటబీడు పైపొర వేళ్ళతో మెత్తటి పరుపులా ఉంటుంది. కాలిపార దిగితే పాత బట్ట చిరిగిన చప్పుడు అవుతుంది. పొద్దెక్కేసరికి మంచు కరిగి, కాలువలో నీళ్ళు కదిలాయి. ముందు కారుతున్నట్టుగా, తర్వాత గలగలమంటూ. ఎన్ని తరాలుగా ఆ బీడులో నిలిచిన నీరో, మా కళ్ళ ముందే ఏటిలోకి వెళ్ళిపోతోంది.

భోజనం వేళకి ఎవుఫ్రాసియా కుండ మోసుకొచ్చింది. తవ్వేవాళ్ళకి వడ్డించాల్సింది పోయి, గట్టు మీద సాతుర్నీనా పక్కన దించి కూర్చుంది. మూత తీయలేదు.

"ఏం దోన్యా ఎవుఫ్రాసియా, వాసన చూసి పోవాలా?" అని అరిచాడొకడు.

"మా ఆయన్నడుగు, వడ్డించమంటాడో లేదో," అంది ఆమె.

ఎవరికీ అర్థం కాలేదు, నికాసియోకి తప్ప. అప్పుడే సెవెరో బురదలోంచి ఒక నత్తను ఏరి తెచ్చి, నవ్వుతూ ఆయన అరచేతిలో పెట్టాడు.

"ఇదిగోండి, మీ దొరసానిని చంపిన హంతకుడు. ఏం శిక్ష వేస్తారో వేయండి!"

అందరూ పగలబడి నవ్వారు. నత్త గోరంత ఉంది. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"ఇది కాదు," అన్నాడు.

"ఏది కాదు?"

"గ్రింగాకి జలగ లేదు. కార్జమంతా చీల్చాను, ఒక్కటీ లేదు. నేను చూశాను." నవ్వులు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆయన గొంతు పెంచాల్సి వచ్చింది. "దాని గుండె పాడైంది. ఎత్తు పడలేదు. చలిలో ఎక్కించొద్దని అమ్మినవాడు చెప్పాడు, దీని అక్కకీ ఇలాగే అయిందని చెప్పాడు. ఆయాసమొస్తే దించమన్నాడు. నేను దించలేదు. సంత కోసం దించలేదు. కొమాద్రే బీడులో ఏ దోషమూ లేదు."

సెవెరో మొహం నల్లబడింది.

"సభలో అడిగానే! చూశారా అని నోరు తెరిచి అడిగానే!"

"అడిగావు."

"ఇంత తవ్వించాక చెప్తారా? ఇన్నాళ్ళూ నాలుకని పూడ్చిపెట్టారా?"

ఇంకొకడు గునపం విసిరేసి, "రిబ్బన్ల దొర! మా చేత గొయ్యి తవ్వించాడు," అని ఉమ్మేశాడు. కానీ తిట్లు ఎక్కువసేపు సాగలేదు. తిట్టే ప్రతివాడి కాళ్ళకీ ఆ బురదే ఉంది. ఒక్కొక్కరే పనిముట్లు కడుక్కోకుండానే భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. సాతుర్నీనా వైపు చూసి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు.

నికాసియో గట్టు దగ్గరికి నడిచాడు. టోపీ తీశాడు. ఏం అనాలో తోచక, "కొమాద్రే," అన్నాడు.

ఆమె కదురు ఆపలేదు. "నీ ఆవు చస్తే నేనేడ్చాను. ఆ సంగతి నీకు తెలియదులే." దారం చుట్టి లేచింది. "నువ్వు ఎక్కడ తవ్వావో అక్కడి నుంచి పూడ్చడం మొదలెట్టు, దోన్ నికాసియో."

ఆయన పూడ్చాడు. ఒక్కడే పూడ్చాడు. కాలువ తవ్వడం సులువు, నీళ్ళకి మళ్ళీ నిలవమని చెప్పడం కష్టం. పొద్దున పచ్చిక పెళ్ళలు గడ్డకట్టి పారకి లొంగేవి కావు. మధ్యాహ్నం అతికించినవి సాయంత్రానికి కొట్టుకుపోయేవి. దారిన పోయేవాళ్ళు "ఏం దోన్ నికాసియో, ఈ ఏడు చేపల పోటీకా?" అని ఎత్తిపొడిచి పోయేవాళ్ళు. ఆయన ఇంకో పెళ్ళ ఎత్తేవాడు. సంత రోజున కూడా మోకాళ్ళదాకా బురదలోనే ఉన్నాడు. కొన్నాళ్ళకి సెవెరో ఒక బండెడు రాళ్ళు తెచ్చి, పలకరించకుండా దించి వెళ్ళాడు. ఆ రాళ్ళతోనే అడ్డుకట్ట నిలిచింది.

ఊటబీడులో మూడో వంతు ఎండిపోయింది. సాతుర్నీనా తన రెండు ఆవులను అమ్ముకుంది. నికాసియో తన కొట్టంలోని ఓట్స్ గడ్డి మోపులు మోసుకెళ్ళి ఆమె వాకిట్లో దించాడు. మొదటిసారి ఆమె తలుపు తీయలేదు, గడ్డి గాలికి ఎగిరిపోయింది. రెండోసారి తలుపు తీసి మోపును లోపలికి లాక్కుంది.

"ఆవులు ఆకలితో ఉన్నాయి కాబట్టి తీసుకుంటున్నా," అంది. "నాకిచ్చానని అనుకోకు."

నికాసియో ఎలియాస్‌కి ఫోన్ చేసి ఆవు పోయిందని చెప్పాడు. ఆయన తిడితే బాగుండునని అనిపించింది. ఎలియాస్ మాత్రం, "నేను ఆ రోజు లారీ ఎక్కించకుండా ఉండాల్సింది," అన్నాడు. తన తప్పును ఇంకొకడు కూడా మోయడం చూసి నికాసియోకి ఇంకా చిన్నతనం అనిపించింది. చీజు గది గోడ మీది రిబ్బన్లను ఆయనే దించేశాడు. ఎవరూ దించమనలేదు, వద్దనలేదు.

వానలు వచ్చాయి, పోయాయి. అందరూ కలిసి వెళ్ళి సాతుర్నీనా దుంప చేను దున్నారు. నికాసియో కూడా వెళ్ళాడు. ఆమె నమలడానికి కోకా ఆకుల సంచి అందరికీ చాపింది, ఆయన దగ్గరికొచ్చేసరికి పక్కవాడి చేతికిచ్చి పోయింది.

మళ్ళీ చలి దిగింది. కొండలు పసుపెక్కాయి. మిగిలిన ఊటబీడు పచ్చగానే ఉంది, అందరి ఆవులూ అందులో మేస్తున్నాయి. నికాసియో అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? తన గోధుమరంగు ఆవులను బీడు చుట్టూ ఉన్న రాతిగోడ పక్కగా, రాళ్ళ మధ్య మిగిలిన ముళ్ళగడ్డిలోకి తోలుకుపోయేవాడు. వాటి డొక్కలు లోపలికి పోయాయి. అవి గోడ మీదుగా మెడలు చాచి పచ్చిక వాసన చూసేవి. ఆయన వాటిని అదిలించి వెనక్కి తోలేవాడు.

ఒకరోజు పొద్దున సాతుర్నీనా బీడు లోపలి నుంచి చాలాసేపు అటే చూసింది. తర్వాత గోడ దగ్గరికి నడిచి, దారి మూసిన రాళ్ళను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. ఆయన సాయానికి ముందుకు రాబోయాడు.

"నువ్వు ఆగు," అంది. "ఆవులు లోపలికి రావచ్చు. నువ్వు గోడవతలే ఉండు."

ఆవులు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ లోపలికి పోయాయి. నికాసియో టోపీ చేత్తో పట్టుకుని, ఎండ వాలేదాకా గోడ అవతలే నిలబడ్డాడు.